ఇద్దరు చదివిన పుట



మా బ్రాడీపేటకు మీరెప్పుడైనా వచ్చారా? గుంటూరులో ఇల్లు వెతుక్కోవటానికి ఇంత సులువైన పేట మరొకటి లేదని మా పేటవాళ్లం గొప్పగా చెప్పుకొంటాం. ఇక్కడి వీధులను అంకెలతో పిలుస్తారు. ఒక వైపు లైన్లు, వాటిని ఖండిస్తూ అడ్డరోడ్లు. లైను అంకె ఒకటి, అడ్డరోడ్డు అంకె ఒకటి చెబితే చాలు, మొదటిసారి వచ్చిన చుట్టం కూడా తిన్నగా వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. దీనితో మనకు తరవాత పని ఉన్నది.

ఒకరోజు ఉదయం మా పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ, అటక మీది సామాను దింపించారు. పాత కాగితాలు కొనే అతను బండి ఆపి, కాటా పెట్టి, తూకం వేస్తున్నాడు. పత్రికలు ఒక కట్ట, పాత నోటు పుస్తకాలు ఒక కట్ట. మూడో కట్ట చూచి నేను ఆగాను.

"అవేమిటోయ్?" అని అడిగాను.

"పాత పుస్తకాలండీ, చదివేవి కాదు," అన్నాడు.

అతని తప్పు లేదు. అవి అలాగే ఉన్నవి. అందులో నుంచి ఒక పద్యాల పుస్తకాన్ని నేను కొనుక్కొన్నాను. దానికి అట్ట లేదు. మొదటి ఎనిమిది పుటలు లేవు. అందుచేత పుస్తకం పేరేమిటో, రాసిందెవరో, ఏ సంవత్సరంలో అచ్చయిందో తెలియదు. ఇంటికి తెచ్చి తొమ్మిదో పుట మూల పట్టుకొని తిప్పబోయాను. అది వేయించిన అప్పడంలాగా విరిగి నా చేతిలోకి వచ్చింది.

పుస్తకం అప్పడం ఎందుకయింది? ముందు ఆ సంగతి చూద్దాం.

పూర్వం కాగితం పాత గుడ్డపేలికలతో చేసేవారు. అది చాలాకాలం మన్నేది. పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచిన తరవాత చెట్ల కలపను గుజ్జు చేసి కాగితం తయారు చేయటం మొదలయింది. అందువల్ల కాగితం చవక అయింది, పుస్తకాలు పేదవాళ్లకు కూడా అందినవి. కాని, ఆ కలపలో సెల్యులోజ్ అనే పోగుతోపాటు లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ లిగ్నిన్ పసుపురంగుకు తిరుగుతుంది. పైగా, సిరా పాకకుండా ఉండటానికి ఆ రోజుల్లో కాగితానికి గుగ్గిలమూ, పటికా కలిపేవారు. ఆ పటిక వల్ల కాగితంలో నెమ్మదిగా ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ పోగులను కొంచెం కొంచెంగా తెంపేస్తుంది. మన ఎండలకూ, మన వానాకాలపు చెమ్మకూ ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. అంటే, ఆ పుస్తకాన్ని ఎవరూ చించలేదు, ఏ చెదపురుగూ తినలేదు. అది తనలోని ఆమ్లంతో తానే అరిగిపోయిందన్నమాట.

మరి ఇలాంటి పుస్తకంలోని పద్యాలు బతికేది ఎలా?

ఈ చిక్కు కొత్తది కాదు. తాటాకుల కాలంలోనూ ఉన్నది. తాటాకు కొన్ని తరాలకు శిథిలమవుతుంది. అందుచేత ఎవరో ఒకరు కూర్చొని, పాత ఆకులు చూచి కొత్త ఆకుల మీద గంటంతో మళ్లీ రాయాలి. రాసేవాడికి నిద్ర వచ్చినా, అక్షరం అర్థం కాకపోయినా తప్పు దొర్లేది. ఆ ప్రతిని చూచి రాసినవాడు ఆ తప్పును కూడా రాసేవాడు, తన తప్పు మరొకటి చేర్చేవాడు.

దీనికి మందు కనిపెట్టినవారిలో సి. పి. బ్రౌన్ దొరగారు ఒకరు. ఆయన 1817లో ఉద్యోగం మీద మనదేశం వచ్చాడు. కడపలో తన బంగళాలో పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి ఎన్ని తాళపత్ర ప్రతులు దొరికితే అన్నీ తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. ఒక ప్రతిలో జారిన అక్షరం మరొక ప్రతిలో దొరికేది. ఇలా పోల్చి, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. కడపలో ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉన్నది. ఆయన పద్ధతిలోని కిటుకు ఒక్కటే: ఒక కంటిని నమ్మవద్దు, రెండో కన్ను కూడా చూడాలి.

పుస్తకం బతికితే సరిపోదు. దానికి చదివేవాళ్లు దొరకాలి. ఆ పనికి మన ప్రాంతం పెట్టింది పేరు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాలన్నిటి ప్రతినిధులూ సభ జరిపి, ఒక సంఘంగా ఏర్పడ్డారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ సభకు అధ్యక్షులు. మన చీరాల పక్కన వేటపాలెంలో 1918లో కొందరు కుర్రవాళ్లు సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టారు. 1929లో గాంధీగారు అక్కడికి వచ్చి, దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఈనాటికీ పాత పత్రికలు చూడాలంటే పరిశోధకులు వేటపాలెం రైలెక్కుతారు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన సంగతి మరొకటి ఉన్నది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కృష్ణ కాలువ మీద ఒక పడవలో గ్రంథాలయం నడిపించారు. కాలువ వెంట వెళ్లే పడవలో బియ్యపు బస్తాలు ఉంటాయని మీరు అనుకొంటారు. ఆ పడవలో పుస్తకాలు ఉన్నవి! గట్టు మీది ఊళ్లవాళ్లు వచ్చి తీసుకొనేవారు, చదివి తిరిగి ఇచ్చేవారు. నా పుస్తకం మరొకరు చదవాలి, వారిది నేను చదవాలి అనే ఈ కోరికే గ్రంథాలయోద్యమం అంతటికీ మూలం.

ఇప్పుడు కాలువకు బదులు ఇంటర్నెట్టు వచ్చింది. కాని, పడవ ఎక్కవలసిన పుస్తకానికి అక్కడ ఒక కొత్త ఇబ్బంది ఎదురయింది. అది అక్షరాల ఇబ్బంది.

కంప్యూటరుకు అంకెలు తప్ప అక్షరాలు తెలియవు. మొదట్లో దానికి ఇంగ్లీషు అక్షరాల అంకెలే నేర్పారు. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థులు కంప్యూటర్ల ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడుకోవటం మొదలుపెట్టినప్పుడు, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతోనే రాయవలసి వచ్చింది. మరి 'త'కూ 'ట'కూ తేడా ఎలా? చిన్న టీ అక్షరం రాస్తే 'త', పెద్ద టీ రాస్తే 'ట' అని నియమాలు పెట్టుకొన్నారు. ఈ పద్ధతి హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో తయారయింది కనుక దానికి రైస్ పద్ధతి అని పేరు వచ్చింది. బడిలో ఉన్నప్పుడు తెలుగు పాఠానికి ఆవలించినవాళ్లు కూడా, ఊరు విడిచి అంతదూరం వెళ్లాక, చిన్నప్పటి పద్యాల కోసం ఒకరినొకరు అడగసాగారు. ఒకరికి మొదటి పాదం గుర్తుంటే, ఇంకొకరికి చివరి పాదం గుర్తుండేది. అలాంటి ఆసక్తి గలవారే 1998లో 'ఈమాట' అనే సాహిత్య పత్రికను ఇంటర్నెట్టులో ప్రారంభించారు.

తరవాత ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి యూనికోడ్ అనే ఒకే అంకెల పట్టిక వాడుకలోకి వచ్చింది. బ్రాడీపేటలో ఇళ్లకు ఉన్నట్టే ఆ పట్టికలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉన్నది. 'అ' అంకె 3077. 'క' అంకె 3093. గుడి అంకె 3135. మీరు 'కి' అని కొడితే కంప్యూటరు 3093, 3135 అని రెండు అంకెలు దాచుకొంటుంది. ప్రపంచంలో ఏ కంప్యూటరును అడిగినా 3093 అంటే 'క' అనే చెబుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గమనించండి. పుస్తకపు పుటకు ఫోటో తీసి ఇంటర్నెట్టులో పెడితే కంటికి అక్షరాలు కనిపిస్తాయి. కాని కంప్యూటరుకు అక్కడ కనిపించేవి నల్లచుక్కలూ, తెల్లచుక్కలూ మాత్రమే. మీరు ఒక మాట చెప్పి, "ఇది ఏ పద్యంలో ఉన్నది?" అని అడిగితే ఫోటో జవాబు చెప్పలేదు. అక్షరాల అంకెలు ఉంటేనే చెప్పగలదు. 2000 తరవాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పథకం కింద వేలకొద్దీ తెలుగు పుస్తకాలకు ఇలా ఫోటోలు తీశారు. ఆ వెబ్‌సైటు తరవాత మూతపడింది. అదృష్టవశాత్తు ఆ ఫోటోల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరొక చోట భద్రం చేశారు. ఒకేచోట ఉన్నది ఎప్పుడైనా పోవచ్చునని తాటాకుల నాడే తెలిసిన సంగతి మళ్లీ రుజువయింది.

ఫోటోలోని చుక్కలను అక్షరాలుగా గుర్తుపట్టే యంత్రాలు ఇప్పుడు ఉన్నవి. అవి క్షణంలో పుటంతా చదివేస్తాయి. కాని మన పాత అచ్చు దగ్గర అవి తడబడతాయి. 'మ'ను 'య' అంటాయి. 'ఋషి'ని 'బుషి' అంటాయి. అరసున్నను చూచి అంకెల సున్న అనుకొంటాయి. కాగితం మీది మచ్చను సున్న అనుకొంటాయి, అసలు సున్నను మచ్చ అనుకొని వదిలేస్తాయి. అందుచేత యంత్రం చదివినదాన్ని మనిషి మళ్లీ చదవాలి.

ఆ మనుషులు ఎవరు? వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయంలో పనిచేసేవాళ్లు. తెలుగు వికీసోర్స్ 2005లో మొదలయింది. అక్కడ పనిచేసేవారికి జీతం లేదు. ఒకరు విద్యార్థి, ఒకరు గృహిణి, ఒకరు ఇంజనీరు, ఒకరు నావంటి రిటైరయిన బడిపంతులు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు. అందరూ కలిసి ఒకే పుస్తకాన్ని పుట తరవాత పుటగా దిద్దుతారు.

అక్కడి పద్ధతి వినండి. తెర మీద ఒక పక్క పుట ఫోటో, రెండో పక్క యంత్రం చదివిన అక్షరాలు కనిపిస్తాయి. ప్రతి పుటకూ ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎవరూ దిద్దని పుటకు ఎరుపు. ఒకరు ఫోటోతో పోల్చి దిద్దితే పసుపు. ఆ పసుపు పుటను మరొక మనిషి మళ్లీ మొదటినుంచి చదివి, సరిగా ఉన్నదని ఒప్పుకొంటే ఆకుపచ్చ. చిక్కు తేలని పుటకు ఊదా, ఖాళీ పుటకు బూడిదరంగు. పసుపు చేసినవాడే ఆకుపచ్చ చేయటానికి వీలు లేదు. ఎంతటి పండితుడైనా సరే! మన మిర్చియార్డులో కాటా దగ్గర రైతు ఒక పక్కా, కొనేవాడు ఒక పక్కా నిలబడి అంకె చూస్తారు కదా, అలాగన్నమాట. బ్రౌన్ దొరగారి బంగళాలోని కిటుకే ఇది.

ఇక నా కథ చెబుతాను.

మా పై వాటాలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉన్నది. ఒక సాయంత్రం తెలుగు పుస్తకం పట్టుకొని కిందికి వచ్చింది.

"మాస్టారూ, ఈ గణవిభజన ఎందుకండీ? గురువులూ, లఘువులూ లెక్కపెడితే ఎవరికి ఉపయోగం?" అని అడిగింది.

ముప్పయి ఏళ్లపాటు ఎందరో పిల్లలు నన్ను ఈ ప్రశ్న అడిగారు. కొందరు నోటితో, ఎక్కువమంది కళ్లతో. "పరీక్షలో మార్కులు వస్తాయి," అని చెప్పి పంపేవాణ్ణి. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఆ రోజు నేను వికీసోర్స్‌లో ఒక పాత కావ్యపు పుట దిద్దుతున్నాను. "ముందు ఇలా కూర్చో. ఈ పద్యం నువ్వు చదువు, నేను ఫోటో చూస్తాను," అన్నాను.

అది ఉత్పలమాల. అమ్మాయి నెమ్మదిగా చదివింది. మూడో పాదం దగ్గర ఆగింది.

"మాస్టారూ, ఇక్కడేదో తేడాగా ఉందండీ. ఒకటో పాదంలో రెండో అక్షరం 'న'. రెండో పాదంలోనూ 'న'. నాలుగో పాదంలోనూ 'న'. మూడో పాదంలో మాత్రం 'సి' వచ్చింది. ప్రాస కుదరటం లేదు," అన్నది.

నేను చూచాను. యంత్రం అక్కడ 'వాసి' అని చదివింది. 'వాసి' అంటే మేలు, కీర్తి. మంచి తెలుగు మాటే. అందుచేత నా కంటికి తప్పుగా తోచలేదు. ఫోటోను పెద్దది చేసి చూస్తే అక్కడ ఉన్నది 'వాని'! పక్కన సిరా అంటుకొని 'ని' కాస్తా 'సి'లాగా కనిపిస్తున్నది. నిఘంటువు పట్టలేని తప్పును ప్రాస పట్టింది.

అప్పుడు నాకు ముప్పయి ఏళ్ల ప్రశ్నకు జవాబు దొరికింది. మీకూ చెబుతాను, వినండి.

మీరు కూడిక చేసినప్పుడు పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడి సరిచూసుకొంటారు. రెండు జవాబులూ ఒకటయితే సరి. మన వృత్తపద్యాలలో ఇలాంటి సరిచూపులు మూడు ఉన్నవి. మొదటిది గణాలు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాల పాదానికి 21. ఏ చోట గురువు రావాలో, ఏ చోట లఘువు రావాలో ముందే నిర్ణయమై ఉన్నది. యంత్రం ఒక సున్నను వదిలేసి 'పండు' అనే మాటను 'పడు' అని చదివిందనుకోండి. రెండూ తెలుగు మాటలే. కాని 'పం' గురువు, 'ప' లఘువు. గురువు ఉండవలసిన చోట లఘువు కనపడగానే గణం కుంటుతుంది. వెంటనే తప్పు దొరుకుతుంది. రెండోది యతి. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం చుట్టంలాగా స్నేహం పాటించాలి. ఉత్పలమాలలో అది పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది. మూడోది ప్రాస. నాలుగు పాదాలలోనూ రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి.

ఈ నియమాలు పద్యానికి ఇంపు తెచ్చాయి, నోటికి వచ్చేటట్టు చేశాయి. దానితోపాటు, కాపలా కూడా కాశాయి. ఒక లేఖకుడు నిద్రమత్తులో అక్షరం జారవిడిస్తే, వందేళ్ల తరవాత ఛందస్సు తెలిసిన మరొకరు, "ఇక్కడ ఏదో పోయింది," అని చెప్పగలిగేవారు. ఇవాళ ఇంజనీర్లు కంప్యూటరు నుంచి కంప్యూటరుకు వార్త పంపేటప్పుడు, దారిలో తప్పు దొర్లితే తెలియటానికి దానితోపాటు కొన్ని అదనపు అంకెలు కలిపి పంపుతారు. మన పద్యం తన అదనపు అంకెలను తన పాటలోనే దాచుకొన్నది.

ఛందస్సు అన్ని తప్పులనూ పట్టుతుందా? పట్టదు. దానికి నేనే సాక్ష్యం.

నేను పిల్లల నోటు పుస్తకాలలో 'కధ' అని కనపడితే ఎర్ర సిరాతో కొట్టేసి 'కథ' అని రాసేవాణ్ణి. ఎన్ని వేలసార్లు రాశానో లెక్క లేదు. అలాంటి నేను ఒక పుట మొత్తం దిద్ది, గర్వంగా పసుపు రంగు గుర్తు పెట్టాను. మర్నాడు చూస్తే అది ఆకుపచ్చగా మారి ఉన్నది. ఏం మార్చారా అని చూచాను. ఒకే ఒక్క అక్షరం. నేను 'కధ' అని వదిలేసిన చోట, ఎవరో 'కథ' అని దిద్దారు! 'ధ' అయినా 'థ' అయినా లఘువే కనుక ఛందస్సు మాట్లాడలేదు. నా కన్ను కూడా మాట్లాడలేదు. మూడో మనిషి కన్ను మాట్లాడింది.

పై వాటా అమ్మాయికి చూపిస్తే కడుపు పట్టుకొని నవ్వింది. "మీకు గుంజీళ్లు ఎవరు తీయిస్తారండీ?" అన్నది. ఆ దిద్దినవారు ఎవరో నాకు తెలియదు. ఏ ఊరివారో, ఎంత వయస్సువారో తెలియదు. వారి వయస్సు పదిహేనేళ్లు అయినా ఆశ్చర్యం లేదు. కాని ఆ పుటను మేమిద్దరం చదివాం. అంతకు ముందు ఎన్ని ఏళ్లుగా దానిని ఎవరూ చదవలేదో! ఒకే పద్యాన్ని అక్షరం అక్షరం చదివిన ఇద్దరు, ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా పరిచయస్థులే.

ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. మొదట్లో తప్పులు పట్టటం కోసమే వచ్చేది. పది రోజులు గడిచాక ఒకనాడు పుట పూర్తి కాగానే, "తరవాత ఏమయిందండీ? తరవాతి పుట తీయండి," అన్నది. తప్పుల మాట మరచిపోయింది. కథలో పడింది. ఏ పద్యాన్ని అయినా నలుగురు కలిసి, నెమ్మదిగా, ప్రతి అక్షరానికీ విలువ ఇచ్చి చదివితే అది తలుపు తెరుస్తుంది. ఈ సంగతి నేను బడిలో ఉండగానే గ్రహించి ఉంటే ఎంత బాగుండేది!

ఇక ఒక నియమం మరచిపోకూడదు. కనపడిన పుస్తకాన్నల్లా ఇంటర్నెట్టులో పెట్టకూడదు. పుస్తకం రాసినవారి కష్టార్జితం. మన దేశపు చట్టం ప్రకారం, రచయిత మరణించిన తరవాత 60 సంవత్సరాల వరకూ ఆయన రచనల మీద హక్కు ఆయన వారసులది. ఆ లెక్క మరణించిన మరుసటి జనవరి 1 నుంచి వేస్తారు. గురజాడ అప్పారావుగారు 1915లోనూ, కందుకూరి వీరేశలింగంగారు 1919లోనూ పోయారు. వారి రచనలు ఇప్పుడు అందరి సొత్తు. మన గుర్రం జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టి, 1971లో గుంటూరులో కన్నుమూశారు. ఆయన రచనలు 2032 జనవరి 1 నాటికి అందరి సొత్తవుతాయి. ఆనాటికి మీకు ఎన్ని ఏళ్లు వస్తాయో లెక్క వేయండి. అంతవరకూ ఆయన పుస్తకాలు కొనుక్కొనో, గ్రంథాలయంలో తెచ్చుకొనో చదవండి. ఆ రోజు వచ్చేసరికి ఛందస్సు నేర్చుకొని సిద్ధంగా ఉండండి!

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనికి పిల్లలను ఒంటరిగా తెర ముందు వదలవద్దు. ఖాతా మీ పేరున ఉండనివ్వండి, పక్కన మీరు కూర్చోండి. పిల్లల పేరు, బడి, చిరునామా, ఫోటో అక్కడ ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు. పుట దిద్దటానికి అవేవీ అక్కరలేదు. రోజుకు ఒక్క పుట చాలు. పిల్లవాడు గట్టిగా చదవాలి, మీరు ఫోటో చూడాలి. మరునాడు మీరు చదవండి, వాణ్ణి చూడనివ్వండి. మీ తప్పు వాడు పట్టినప్పుడు కోప్పడవద్దు. నాకు జరిగింది మీకూ జరుగుతుంది.

ఇంతకూ, అట్టలేని ఆ పుస్తకం ఏమయిందని అడుగుతారు. మేమిద్దరం దానిని పుట పుటకూ జాగ్రత్తగా ఫోటో తీశాం. విరిగిన ముక్కలను ఒక కవరులో భద్రం చేసి, పుస్తకాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి, చెమ్మ తగలని బీరువాలో పెట్టాం. అందులోని కొన్ని పాదాలను అక్షరాలుగా కొట్టి, ఇంటర్నెట్టులో వెతికి చూచాం. ఎక్కడా దొరకలేదు. అంటే, ఇంతవరకూ దానిని ఎవరూ అక్షరాలుగా మార్చలేదన్నమాట. రాసినవారి పేరు తెలిసేవరకూ దానిని వికీసోర్స్‌లో పెట్టటానికి వీలు లేదు. పేరు ఉన్నది మొదటి ఎనిమిది పుటలలో. ఆ పుటలు మా దగ్గర లేవు.

కాని అచ్చు వేసినవారు ఒక్క ప్రతి మాత్రమే వేయరు గదా! ఆ పుస్తకపు మరో ప్రతి ఏ తెనాలిలోనో, ఏ ఒంగోలులోనో, ఏ పల్లెటూరి అటక మీదనో ఉండి ఉండవచ్చు. ఆ అటక మీ ఇంటిదే కావచ్చు.

అందుచేత, పిల్లలూ, పాత కాగితాలు కొనే బండి మీ వీధిలోకి వచ్చేలోగా ఒకసారి పెద్దవాళ్ల సాయంతో అటక మీది పుస్తకాలు దింపించండి. తుమ్ములు రాకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మూలలు పట్టి లాగవద్దు, కింద అరచేయి పెట్టి ఎత్తండి. మొదటి పుట తెరిచి, పేరూ, సంవత్సరమూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తరవాత ఏదో ఒక పుట తెరిచి, ఒక పద్యం గట్టిగా చదవండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోవటం మరువకండి. పుటను ఇద్దరు చదవాలి.